పెరట్లో తంగేటి జున్ను

పెత్రమాస రోజు తెల్లవారకముందే హైదరాబాద్ కూడళ్లలో తంగేడు కట్టలు దిగుతాయి. ముందు రోజు సాయంత్రం ఎక్కడో దూరాన గుట్టల మీద, చెరువు కట్టల మీద, రోడ్ల పక్కన కోసిన పూలవి. గోనెసంచుల్లో నలిగి, సగం రేకులు రాల్చుకుని, ఆటోల్లో వచ్చి ఫుట్‌పాత్ మీద కుప్పలుగా పడతాయి. పక్కనే గునుగు కట్టలు, బంతి తట్టలు. ఎంగిలిపూల బతుకమ్మకు తంగేడు లేకపోతే ఎట్లా? అందుకే గొణుక్కుంటూనే కొంటారు. మధ్యాహ్నానికల్లా మిగిలిన కట్టలు వాడి, చెత్తబండి ఎక్కుతాయి. పిల్లలు బుట్ట పట్టుకుని ఊరి బయటికి పోతే గంటలో నిండేంతగా పూసిన పువ్వు ఇది. ఇప్పుడు కొనాల్సిన సరుకైంది.

తెలంగాణ వచ్చిన ఏడాదే, 2014 నవంబరులో, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. దాంతోపాటే జమ్మి రాష్ట్ర వృక్షం, పాలపిట్ట రాష్ట్ర పక్షి, జింక రాష్ట్ర జంతువు అయ్యాయి. గౌరవం కాగితం మీద బాగానే జరిగింది. కానీ నగర శివార్లలో వరసగా ఉండే నర్సరీల్లో ఏదో ఒకదానికి వెళ్లి తంగేడు మొక్క కావాలని అడిగి చూడండి. ‘అది మొక్కేంటి సార్, తుప్ప’ అన్నట్టు ఒక చూపు ఎదురవుతుంది. థాయిలాండ్ నుంచి వచ్చిన గులాబీ రంగు బోగన్‌విల్లా ఉంటుంది, మెక్సికో బంతి ఉంటుంది, ఎడారి గులాబీ ఉంటుంది. రాష్ట్ర పుష్పం మాత్రం ఉండదు.

పాత తెలుగులో ‘తంగేటి జున్ను’ అని ఒక నుడి ఉంది. ఇక్కడ జున్ను అంటే పాలజున్ను కాదు, తేనెపట్టు. కొండచరియలకు వేలాడే పెద్ద తేనెపట్టు దించాలంటే తాళ్లు, పొగ, ప్రాణాలకు తెగింపు కావాలి. తంగేడు పొదలో మనిషి చేతికందే ఎత్తున చిన్న తేనెటీగలు పట్టే అరచేయంత పట్టుకు అవేమీ అక్కర్లేదు. కష్టపడకుండా దక్కే తీపిని మన పూర్వులు ఆ మాటతో చెప్పుకున్నారు. ఎండ మండే డాబా పక్కన, నీళ్లు నిలవని మొరం నేలలో ‘ఏం వేసినా బతకడం లేదు’ అని వాపోయే వాళ్లందరికీ ఆ తంగేటి జున్ను ఇప్పటికీ చేతికందే దూరంలోనే ఉంది. అందుకోవడం లేదంతే.

ఇందులో ఒక తమాషా ఉంది. తంగేడు పూలో తేనే ఉండదు. ఆ చిన్న తేనెటీగలు దాని కొమ్మల్లో ఇల్లు కట్టుకుంటాయి, దాని పుప్పొడి తెచ్చుకుంటాయి. తేనె మాత్రం వేరే పూల నుంచి పోగేసుకుంటాయి. తంగేడు తన అతిథులకు పెట్టేది పుప్పొడి ఒక్కటే. దాన్ని కూడా అంత తేలిగ్గా పెట్టదు.

పూవును దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. అయిదు పసుపు రేకులు. మధ్యలో పది కేసరాలు. పైన ఉన్న మూడు వట్టివి, పుప్పొడి ఉండదు. మిగతా వాటిలో కిందివి పొడుగ్గా వంగి ఉంటాయి. మందార, గుమ్మడి పూలలో పుప్పొడి బయటికి రాలి వేలికి అంటుతుంది. తంగేడులో అలా కాదు. పుప్పొడి తిత్తి మూసే ఉంటుంది, కొసన మాత్రం చిన్న రంధ్రం ఉంటుంది. పెళ్లిళ్లలో పన్నీరు చల్లే బుడ్డి లాంటిదన్నమాట; కుదిపితే తప్ప రాదు.

ఆ కుదపడం తెలిసిన జీవి తుమ్మెద. నల్లగా, లావుగా, ఎండలో రెక్కలు నీలంగా మెరుస్తూ వచ్చే ఆ పెద్ద తుమ్మెద పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుంటుంది. రెక్కలు ఆడించకుండా, ఎగరడానికి వాడే కండరాలను మాత్రం వణికిస్తుంది. అప్పుడు ‘ఝుం’మనే మోత ఒక్కసారిగా సన్నగా, పదునుగా మారుతుంది. ఆ వణుకుకు పుప్పొడి రంధ్రంలోంచి చిమ్మి దాని ఒంటి మీద పడుతుంది. కొంత పిల్లల తిండికి మూట కట్టుకుంటుంది, తనకందని చోట అంటినది తర్వాతి పువ్వుకు చేరవేస్తుంది. మన కవులు వందల ఏళ్లుగా తుమ్మెద ఝుంకారాన్ని మధుపానపు మైకంగా వర్ణించారు. తంగేడు దగ్గర మాత్రం అది మైకం కాదు, కాయకష్టం. మామూలు తేనెటీగలకు ఈ విద్య రాదు. అందుకే అవి తుమ్మెద వెళ్లాక రేకుల మీద రాలిన పొడి ఏరుకుంటూ కనిపిస్తాయి.

మిద్దెతోటల వాళ్లు ఈ మాట కాస్త శ్రద్ధగా వినాలి. వంకాయ, టమాటా పూల పుప్పొడి కూడా ఇలాంటి తిత్తుల్లోనే ఉంటుంది. పూత బాగా వచ్చి కాయ నిలవడం లేదని మందుల కోసం తిరిగే బదులు ఇంటి దగ్గర ఒక తంగేడు పొద ఉంచుకుంటే, దాని కోసం వచ్చే తుమ్మెదలు, పొట్ట మీద నీలి చారలుండే చిన్న ఈగలు వంగ మడినీ పలకరించి పోతాయి. ఒక ఎండు వెదురు బొంగునో, పాత దూలం ముక్కనో నీడలో వేలాడదీస్తే తుమ్మెద దాన్ని గుండ్రంగా తొలిచి అక్కడే కాపురం పెడుతుంది. తలుపు చెక్కను తొలిచేస్తుందని భయపడే వాళ్లకు కూడా ఇదే మందు: దానికి వేరే చెక్క ఇవ్వడం.

ఇక సీతాకోకలు. వానలు పడ్డాక లేత పచ్చగా, తెల్లగా, గుంపులు గుంపులుగా ఒకే దిక్కుకు సాగిపోయే సీతాకోకచిలుకలను తెలుగు నేల మీద చూడని వాళ్లుండరు. వలసలకు పేరుపడ్డ ఈ జాతులు తంగేడు, రేల వంటి చెట్ల ఆకుల మీద గుడ్లు పెడతాయి. పొలం గట్ల మీద నేలబారుగా ఎగిరే చిన్న పసుపు సీతాకోక కూడా ఈ కుటుంబపు ఆకులనే ఎంచుకుంటుంది. గొంగళిపురుగు ఆకురంగులోనే ఉంటుంది, ఈనెను ఆనుకుని పడుకుంటే కనిపించదు. దానికి ఒంటి నిండా దురద పెట్టే వెంట్రుకలుండవు, మనిషికి ఏ హానీ చేయదు.

తోట ప్రేమికుల్లో చాలామందికి ఇక్కడే పేచీ వస్తుంది. సీతాకోకలు కావాలి, పురుగులు వద్దు. ఆకుకు చిల్లు పడగానే వేపనూనె సీసా బయటికి తీస్తారు. సీతాకోకలను పిలిచి వాటి పిల్లలను చంపే తోటకు పూలెన్ని ఉంటే మాత్రం ఏం లాభం? ఎక్కడి నుంచో వచ్చిన సీతాకోక తేనె తాగి వెళ్లిపోవడానికి ఏ దేశపు పువ్వయినా సరిపోతుంది. గుడ్డు పెట్టడానికి మాత్రం తన తరతరాల చెట్టే కావాలి. దేశవాళీ మొక్కకూ, పరదేశపు అలంకారానికీ అసలు తేడా అక్కడుంది. పైగా పిగిలిపిట్టలు, చిన్న పిట్టలు తమ పిల్లల నోట్లో పెట్టేది గింజలు కావు, ఈ మెత్తని పురుగులే. ఆగస్టులో పురుగులు తంగేడును సగం బోడి చేసినా కంగారుపడనక్కర్లేదు. మొండి మొక్క, కొన్ని వారాల్లో మళ్లీ చిగురిస్తుంది. ఆకు జతల మధ్య నిటారుగా నిలిచే చిన్న గ్రంథులకు చీమలు ఎందుకు క్యూ కడతాయో గమనిస్తే ఇంకో వినోదం. పువ్వులో పెట్టని తీపిని తంగేడు అక్కడ పెడుతుంది, ఆకు తినేవాళ్ల మీద చీమల కాపలా కోసం.

ఇంత జీవం ఉన్న పొదకు ‘తుప్ప’ అనే పేరు ఎలా స్థిరపడింది? దానికి మన భూమి లెక్కలు కొంత కారణం. కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కలిసి తెచ్చే బంజరు భూముల అట్లాస్‌లో ‘తుప్పలున్న భూమి’ అనేది ఒక బంజరు వర్గం. అంటే తంగేడు, పరికి, బలుసు, జమ్మి పెరిగే నేల సర్కారీ లెక్కలో పనికిరాని నేల. అక్కడ ప్లాట్లు వేయొచ్చు, ఫ్యాక్టరీ పెట్టొచ్చు, లేదా ‘పచ్చదనం’ పేరుతో ఇంకేవో చెట్లు నాటొచ్చు. 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు దిగినప్పుడు, అది అడవా, తుప్పలు మొలిచిన ఖాళీ జాగానా అన్న వాదన రాష్ట్రమంతా నడిచింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. వాదనలో ఎవరు గెలిచారన్నది పక్కన పెడితే, ఒక సంగతి తేలిపోయింది: పొదలు, రాళ్లు, గడ్డి కలిసిన నేలను చూడటానికి మన దగ్గర సరైన కళ్లద్దాలు లేవు. దసరానాడు పాలపిట్ట కనిపిస్తే శుభమని ఊరి బయటికి పోయి వెతుకుతాం. ఆ పాలపిట్ట వేటాడేది మిడతలనూ పురుగులనూ, అదీ ఇలాంటి బట్టబయలు నేలల్లోనే. పండుగ రోజు పిట్ట కావాలి, జమ్మి కావాలి, తంగేడు కావాలి. అవి బతికే చోటు మాత్రం ‘బంజరు’.

ఆ ఖాళీలను ఏం పెట్టి నింపామో కూడా చెప్పుకోవాలి. మొక్కలు నాటే హరితహారం పథకం రోజుల్లో రోడ్ల మధ్య డివైడర్ల మీద, కాలనీ పార్కుల్లో కోనోకార్పస్‌ను తెగ నాటారు. త్వరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. తర్వాత దాని వేర్ల మీద, పుప్పొడి మీద ఫిర్యాదులొచ్చి తెలంగాణలో నాటడం మానుకున్నారు. గుజరాత్ 2023లో నిషేధమే పెట్టింది. త్వరగా పెరగడం, పశువులు ఎక్కువగా ముట్టకపోవడం తంగేడుకూ ఉన్న గుణాలేనని అప్పుడెవరికీ తోచినట్టు లేదు. డివైడర్ల మీద పచ్చగంటల మొక్క కూడా పసుపు పూలే పూస్తుంది, కానీ అది అమెరికా ఖండపుది. పసుపు పువ్వే కావాలనుకుంటే ఇంటిది ఉండగా పక్కింటికి పోవడమెందుకు?

నీళ్ల లెక్క చూస్తే ఇంకా నవ్వొస్తుంది. హైదరాబాద్‌కు కృష్ణా జలం నాగార్జునసాగర్ నుంచి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి, పంపుల మీద పంపులెక్కి వస్తుంది. ఆ నీటిలో కొంత విల్లాల ముందు కార్పెట్ గడ్డి మీద రోజూ చల్లుతారు. ఆ గడ్డికి పువ్వు లేదు, కాయ లేదు, దాని మీద వాలే పిట్ట లేదు. తంగేడు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం గట్ల మీద ఎవరూ చెంబెడు నీళ్లు పోయకుండానే పూస్తోంది.

మరి పెంచడమెలా? చలికాలం చివరికి పొదల మీద కాయలు గోధుమరంగుకు తిరిగి, కాగితంలా పలచబడి, ఊపితే గలగలమంటాయి. ఒక్కో కాయలో పదికి పైగానే గింజలుంటాయి. ఒక పొద నుంచి నాలుగైదు కాయలు చాలు, మొత్తం దులిపేయొద్దు. మొక్కను వేళ్లతో సహా పీకి తెచ్చుకోవాలన్న ఆలోచన అసలే వద్దు. తల్లివేరు లోతుకు దిగి ఉంటుంది, తెగితే బతకదు. ఇక్కడో మొక్క చచ్చి, అక్కడో మొక్క పోయి, రెండు విధాలా నష్టం.

గింజ పెంకు రాయిలా ఉంటుంది. అలాగే మట్టిలో వేస్తే కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు మొలుస్తాయి. అడవిలో అది తెలివైన ఏర్పాటు. వానలు మోసం చేసిన ఏడాది విత్తనమంతా ఒకేసారి మొలిచి మాడిపోకుండా కాపాడుతుంది. ఇంటివాళ్లకు అంత ఓపిక ఉండదు గనుక, గరుకు కాగితం మీద గింజ ఒక పక్క కాస్త అరగదీయాలి. లేదా నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, అందులో గింజలు వేసి రాత్రంతా వదిలేయాలి. పొద్దునకు ఉబ్బినవి విత్తుకు పనికొస్తాయి. తొలకరి పడ్డాక, మృగశిర కార్తెలో, నేరుగా నేలలో పెట్టడం అన్నిటికన్నా మేలు. సంచిలో పెంచితే పొడుగు సంచి వాడి, వేరు అడుగున చుట్టుకోకముందే నాటేయాలి.

స్థలం విషయంలో తంగేడుకు ఒకే పట్టుదల: ఎండ. రోజంతా ఎండ తగిలే గోడవార, గేటు పక్క, సెప్టిక్ ట్యాంకుకు అవతల మిగిలిపోయిన మొరం జాగా, ఏదైనా సరే. ఎర్ర నేలా, రాతినేలా, కాస్త చౌడున్నా ఫరవాలేదు. ఒకప్పుడు చౌడు మళ్లలో వరి రైతులు తంగేడు రొట్ట తొక్కేవాళ్లు. నీడలో మాత్రం సాగిలపడి ఆకులే వేస్తుంది. పశువుల ఎరువు గంపలకొద్దీ వేయడం, రోజూ నీళ్లు పోయడం ప్రేమ అనుకుంటే పొరపాటు. ఆ ప్రేమకు వేరు కుళ్లుతుంది. మొదటి వేసవి గట్టెక్కడానికి వారానికోసారి బిందెడు నీళ్లు చాలు. రెండో ఏడు నుంచి దాని సంగతి అది చూసుకుంటుంది. కుండీలో పెంచొచ్చు గానీ పెద్ద డ్రమ్ము సగమైనా ఉండాలి, అప్పటికీ నేల మీది తేజస్సు రాదు.

పూత తగ్గాక ఏడాదికోసారి మోకాలెత్తుకు నరికేస్తే పొద గుబురుగా, అందంగా వస్తుంది. నరకకపోతే కాళ్లు బోడిగా, తల మాత్రం గుబురుగా, పది అడుగుల దాకా పెరగొచ్చు. ఎండుకాయలు వేలాడే నెలల్లో అది అందంగా ఉండదన్నదీ నిజమే. బాల్కనీలోంచి ఫొటో తీసుకునే వాళ్లకు ఆ రెండు నెలలు నచ్చకపోవచ్చు.

‘తుప్ప ఉంటే పాములొస్తాయి’ అనే మాట ప్రతి కాలనీ సంఘం సమావేశంలోనూ వస్తుంది. పాము వచ్చేది ఎలుక కోసం, ఎలుక వచ్చేది చెత్తకుప్ప కోసం. అయినా భయం భయమే గనుక, పొద మొదట్లో జానెడు జాగా శుభ్రంగా ఉంచి, కింది కొమ్మలు తీసేస్తే సరిపోతుంది. దాని కింద తుమ్మి, విష్ణుక్రాంతం వాటంతటవే మొలిస్తే ఉండనివ్వాలి. వినాయక చవితికి తుమ్మికూర వండుకునే ఇళ్లు తెలంగాణలో ఇంకా ఉన్నాయి. మార్కెట్లో వెతుక్కునే పని తప్పుతుంది. ఒక పక్క గుప్పెడు గునుగు గింజలు చల్లితే దసరా నాటికి బతుకమ్మలో సగం సరుకు ఇంట్లోనే ఉంటుంది.

పేర్ల దగ్గర జాగ్రత్త. సీమతంగేడు వేరు, అది ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పెద్ద చెట్టు. నేలతంగేడు సునాముఖి. నీలగిరి, వయనాడ్ అడవుల్లో ఇప్పుడు ఏరిపారేయలేక అటవీశాఖలు తలలు పట్టుకుంటున్న పసుపు పూల చెట్టు కూడా తంగేడు బంధువే, దాని పుట్టిల్లు అమెరికా. అసలు తంగేడును గుర్తుపట్టడానికి ఆకు కాడ మొదట్లో చూడాలి. అక్కడ రెండు పక్కలా చెవుల్లాంటి గుండ్రని పుచ్ఛాలుంటాయి. లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు పెట్టిన శాస్త్రీయ నామంలో ‘ఆరిక్యులాటా’ అన్నది ఆ చెవులను చూసే. ఇక తంగేడు పూల కషాయంతో షుగరు మాయమవుతుందని ఫోన్లలో తిరిగే సలహాలు చదివి, వాడుతున్న మందులు ఆపే సాహసం ఎవరూ చేయొద్దు.

ఇంగ్లీషు వాళ్లు ఈ మొక్కను తోళ్లు ఊనేవాళ్ల మొక్క అన్నారు. లందల్లో తోలు పదును పట్టించింది తంగేడు చెక్కే. ఆ చెక్కలోని వగరు గురించి, ఏ కాలంలో కొడితే బాగుంటుందన్న దాని గురించి చర్మకారులకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. బతుకమ్మ మీద నెత్తిన పెట్టుకున్న పువ్వు, ఊరి చివర లందలో నానిన చెక్క ఒకే చెట్టువి. రెంటిలో ఒకదాన్ని పూజించి, రెండోదాన్ని మరిచిపోయాం.

ప్రతి గ్రామ పంచాయతీకీ ఒక నర్సరీ ఉండాలని తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లోనే చెప్పింది. ఆ నర్సరీల్లో ఏటా ఓ వంద సంచుల్లో తంగేడు గింజ పెట్టడానికి కొత్త పథకం అక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు. కాయలు ఊరి గట్టు మీదే ఉన్నాయి. బడి ప్రహరీ వెంట, చెరువు కట్ట దిగువన, బతుకమ్మ ఆడే మైదానం అంచున ఆ మొక్కలు పెట్టొచ్చు. బతుకమ్మను రాష్ట్ర పండుగ చేసిన ప్రభుత్వాలు ఆట కోసం లైట్లు, స్టేజీలు, నిమజ్జనానికి మెట్లు కట్టించాయి. పువ్వుకు చోటు చూపించడం మాత్రం ఇంకా మిగిలే ఉంది. మల్లెను రాష్ట్ర పుష్పంగా ఎంచుకున్న ఆంధ్రప్రదేశ్‌కూ ఇందులో మినహాయింపేం లేదు. రాయలసీమ గుట్టల మీద పూసేదీ ఈ తంగేడే.

ప్రభుత్వం చేసేదాకా ఆగాల్సిన పని పాఠకులకు లేదు. ఈ మాఘంలో ఊరికి వెళ్లినప్పుడు రోడ్డు పక్కన గలగలమనే నాలుగు కాయలు జేబులో వేసుకుని, తొలకరి దాకా ఒక కాగితం పొట్లంలో దాచండి. పొట్లం మీద పేరు రాయడం మరవొద్దు. మినుములనుకుని ఎవరైనా పప్పులో కలిపేస్తారు.